చోటు చెప్పు జంట సంఖ్యలు

రేడియోపెట్టె ముఖమున ఒక గీత, ఆ గీత వెంబడి అంకెలు, వాని మీదుగా కదలు ఒక ముల్లు ఉండుట పాఠకులు ఎరిగినదే. కావలసిన కేంద్రము ఏ అంకె వద్ద ఉన్నదో తెలిసిన చాలును. ముల్లును అచటికి త్రిప్పినంతనే మాట వినవచ్చును. గీత మీది చోటును చెప్పుటకు ఒక్క సంఖ్య చాలునని దీనివలన తేలుచున్నది. కాని చేను గీత కాదు. చేనిలో బోరు వేయదలచిన చోటు, చెరువుకట్టకు తూము ఉన్న చోటు, హద్దురాయి పాతిన చోటు, వీనిని ఒక్క సంఖ్యతో చెప్పుట సాధ్యము కాదు. “ఊరికి రెండు కిలోమీటర్ల దూరమున” అన్నచో, “ఏ వైపున?” అను ప్రశ్న వెంటనే పుట్టును. ఆ ప్రశ్నకు గణితశాస్త్రము ఇచ్చిన సమాధానమే నిరూపకములు. ఒక చోటునకు రెండు సంఖ్యలు. ఆ రెండింటికి ఒక వరుస. ఒక్కొక్కదానికి ఒక గుర్తు. ఇంతే విషయము. ఇంత చిన్న విషయములో పొరపాటు జరిగినచో ఎంత నష్టము కలుగునో, అనంతపురము వంటి కరవుసీమలో నివసించువారు ఇతరులకంటె ముందుగా గ్రహింపగలరు.

పటమును చూపలేని రేడియోలో ఇట్టి విషయమును ముచ్చటించుట ఎట్లని కొందరు సందేహింపవచ్చును. నిజమునకు రేడియోకు ఇంతకంటె తగిన విషయము లేదు. పటమును మాటగా మార్చి, వినువాని చేతిలో మరల పటముగా మొలిపించు ఉపాయమే నిరూపక పద్ధతి. ఒక పలకనో గళ్లకాగితమునో దగ్గర ఉంచుకొనవలసినదిగా పాఠకులను కోరుచున్నాము.

కాగితము నడుమ అడ్డముగా ఒక గీత, నిలువుగా ఒక గీత, ఒకదానినొకటి లంబముగా ఖండించునట్లు గీయుడు. అడ్డగీతను ఎక్స్-అక్షమనియు, నిలువుగీతను వై-అక్షమనియు అందురు. రెండును కలిసిన చోటు మూలబిందువు. అచట రెండు సంఖ్యలును సున్నయే. ఈ కాగితమును అనంతపురము సీమగా భావింతము. మూలబిందువు వద్ద అనంతపురము నగరములోని గడియారస్తంభము ఉన్నదనుకొందము. అడ్డగీత కుడికొన తూర్పు, ఎడమకొన పడమర; నిలువుగీత పైకొన ఉత్తరము, క్రిందికొన దక్షిణము. ఒక్కొక్క గడి ఐదు కిలోమీటర్లు.

ఇపుడు ఒక ఇబ్బంది కలదు. తూర్పునకు 40 కిలోమీటర్లు, పడమరకు 40 కిలోమీటర్లు, రెండును 40 యే. ఈ రెండింటిని వేరుపరచుటకు తూర్పును ధనముగను, పడమరను ఋణముగను ఎన్నుదురు. అట్లే ఉత్తరము ధనము, దక్షిణము ఋణము. ఈ మాటలు మనకు క్రొత్తవి కావు. క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతములో ధనర్ణములను కూడుటకు, తీసివేయుటకు, గుణించుటకు నియమములు చెప్పినాడు. ధనమనగా చేతనున్న సొమ్ము, ఋణమనగా తీర్చవలసిన అప్పు. తూర్పునకు 40 నడచి, పడమరకు 40 నడచినవాడు బయలుదేరిన చోటనే నిలుచును. 40 రూపాయల సొమ్ముతో 40 రూపాయల అప్పు తీర్చినవాని చేత మిగులునది సున్నయే. పిల్లలు ఋణసంఖ్య అనగానే బెదరుదురు. అది లేని సంఖ్య కాదనియు, ఎదురువైపు నడకయే యనియు చెప్పినచో ఆ బెదురు తీరును.

కాగితముపై ఊళ్లను గుర్తింతము. మొదట అక్షముల మీదికే వచ్చు ఊళ్లను చూతము. ఈ సీమలో మూడు ప్రసిద్ధమైన కోటలు చిత్రముగా అక్షముల దాపుననే ఉన్నవి. పెనుకొండ అనంతపురమునకు సరిగా దక్షిణముగా సుమారు 65 కిలోమీటర్ల దూరమున ఉన్నది. కావున దాని జంట (0, −65). రాయదుర్గము దాదాపు సరిగా పడమట సుమారు 80 కిలోమీటర్ల దూరమున ఉన్నది. దాని జంట (−80, 0). గుత్తి ఉత్తరమున సుమారు 50 కిలోమీటర్ల దూరమున, తూర్పునకు కొలదిగా ఒరిగి ఉన్నది. స్థూలముగా (0, 50) అనవచ్చును. ఇవి రహదారి దూరములు కావు, పక్షి ఎగిరిన దూరములు. జంటలో మొదటి సంఖ్య తూర్పుపడమరలను, రెండవది ఉత్తరదక్షిణములను చెప్పుచున్నది. అక్షము మీద ఉన్న చోటునకు రెండింటిలో ఒకటి సున్న యగును.

అక్షముల మీద లేని ఊళ్లు నాలుగు భాగములలో చెదరి ఉండును. ఈ నాలుగు భాగములనే పాదములందురు. మన ఇండ్లలో పెద్దలు వీనిని అనాదిగా వేరు పేర్లతో పిలుచుచునే ఉన్నారు. బావి ఈశాన్యమున, వంటిల్లు ఆగ్నేయమున అను మాట వినని ఇల్లు లేదు. నాలుగు దిక్కులు అక్షములైనచో, నాలుగు విదిక్కులే నాలుగు పాదములు. ఈశాన్యము మొదటి పాదము, వాయవ్యము రెండవది, నైరృతి మూడవది, ఆగ్నేయము నాల్గవది. ఈ లెక్క గుడిచుట్టు ప్రదక్షిణము చేయు వరుసలో సాగదు; అప్రదక్షిణముగా, అనగా గడియారపు ముల్లునకు ఎదురుగా సాగును. విద్యార్థులు తరచుగా తడబడునది ఇచటనే.

తాడిపత్రి అనంతపురమునకు తూర్పున సుమారు 45, ఉత్తరమున సుమారు 25 కిలోమీటర్ల దూరమున ఉన్నది. దాని జంట (45, 25). రెండును ధనములు, అది ఈశాన్యము, మొదటి పాదము. ఉరవకొండ జంట సుమారు (−35, 30). మొదటిది ఋణము, రెండవది ధనము. వాయవ్యము, రెండవ పాదము. కళ్యాణదుర్గము సుమారు (−55, −15). రెండును ఋణములు, నైరృతి, మూడవ పాదము. కదిరి సుమారు (60, −65). మొదటిది ధనము, రెండవది ఋణము. ఆగ్నేయము, నాల్గవ పాదము. పటము చూడకుండగనే, సంఖ్యల గుర్తులను చూచినంతనే ఊరు ఏ మూల ఉన్నదో చెప్పవచ్చునని దీనివలన స్పష్టమగుచున్నది. అక్షముల మీద ఉన్న మూడు కోటలు మాత్రము ఏ పాదమునకును చెందవు. అవి ఊళ్ల నడుమ హద్దుగట్టు మీద నిలిచిన చెట్లవంటివి.

ఇక వరుస విషయము. తాడిపత్రి (45, 25) అని చెప్పవలసినచోట (25, 45) అని చెప్పినచో, వినువాడు తాడిపత్రి చేరడు. ఎంతో ఉత్తరముగా యాడికి వైపునకు పోవును. సంఖ్యలు అవియే, గుర్తులు అవియే. వరుస మారినందున ఊరు మారినది. అందుచేతనే గణితజ్ఞులు దీనిని క్రమయుగ్మమందురు. క్రమము తప్పిన జంట వేరొక జంటయే.

వరుసనుగూర్చి మరియొక హెచ్చరిక అవసరము. పాఠశాలలో తూర్పుపడమరల సంఖ్యను ముందు చెప్పుదురు. భూగోళము మీది చోటులను చెప్పునపుడు వాడుక తలక్రిందులు. ఉత్తరదక్షిణములను చెప్పు అక్షాంశము ముందు, తూర్పుపడమరలను చెప్పు రేఖాంశము పిదప. నేటి చేతిఫోనులో అనంతపురము చోటును వెదకినచో సుమారు 14.68, 77.60 అని కనబడును. అనగా భూమధ్యరేఖకు ఉత్తరమున 14.68 అంశలు, గ్రీనిచ్ రేఖకు తూర్పున 77.60 అంశలు. ఈ రెంటిని తారుమారు చేసి, ఉత్తరమున 77.60, తూర్పున 14.68 అన్నచో మనము నార్వే దేశమునకు ఎంతో ఉత్తరమున, ధ్రువమండలములోని స్పిట్స్‌బెర్గెన్ ద్వీపపు తీరమునకు పోయి పడుదుము. ఎండకు బీటలు వారిన నేల నుండి మంచుగడ్డల నడుమకు చేర్చుటకు రెండు సంఖ్యల వరుస మార్పు చాలినది!

భూమధ్యరేఖను, గ్రీనిచ్ రేఖను అక్షములుగా తీసికొన్నచో భారతదేశమంతయు మొదటి పాదములోనే ఉన్నది. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని డల్లాస్ నగరమున నివసించు తెలుగువారు రెండవ పాదములోను, ఆస్ట్రేలియాలోని మెల్బోర్నున ఉన్నవారు నాల్గవ పాదములోను ఉన్నారు. బ్రెజిల్ దేశమునందలి సావోపాలో నగరము మూడవ పాదములోనిది. ఇందొక సూక్ష్మము కలదు. గడియారస్తంభమును మూలముగా తీసికొన్నపుడు కళ్యాణదుర్గము మూడవ పాదములోనిది; గ్రీనిచ్‌రేఖను, భూమధ్యరేఖను తీసికొన్నపుడు అదే కళ్యాణదుర్గము మొదటి పాదములోనిది. ఊరు కదలలేదు, మూలబిందువు కదలినది. కావున సంఖ్యలను వినుటకు ముందు, ఎచటినుండి కొలిచినారని అడుగవలెను.

ఈ పద్ధతికి కార్టీసియన్ అను పేరు ఫ్రాన్సు దేశీయుడగు రెనే దెకార్త్ వలన వచ్చినది. లాటినులో అతని పేరు కార్టీసియస్. 1637లో ప్రకటించిన తన జ్యామితి గ్రంథములో ఆకారములను సమీకరణములుగా వ్రాయు మార్గమును అతడు చూపినాడు. ఆ కాలముననే పియరీ ద ఫెర్మా అను మరియొక ఫ్రెంచి గణితజ్ఞుడు స్వతంత్రముగా ఇట్టి మార్గమునే త్రొక్కినాడు. అయితే నేడు పిల్లలు గీయు నాలుగు పాదముల పటము దెకార్త్ గ్రంథమున పూర్ణరూపమున లేదు. ఋణదిక్కులతో కూడిన రెండు లంబాక్షములు తరువాతివారి చేతులలో స్థిరపడినవి.

అనంతపురము సీమలో ఈ ఆలోచన గ్రంథములకంటె ముందు నేలమీదనే పనిచేసినదనవచ్చును. 1800లో నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. పిదప 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఈ సీమలో చేను చేనుకు కొలతలు వేయించినాడు. విలియం లాంబ్టన్ దక్షిణదేశమును త్రికోణములుగా విభజించి కొలుచుచు 1811లో గుత్తి సమీపమున ఒక ఆధారరేఖను గొలుసులతో కొలిపించినాడు. మదరాసు రాజధానిలో అటుపిమ్మట వచ్చిన క్షేత్రకొలతల పుస్తకములను చూచినచో మన విషయమే అందు కనబడును. చేనికి అడ్డముగా ఒక మూలనుండి వేరొక మూలకు ఒక గీత. ఆ గీత వెంబడి ఇన్ని లింకులు నడచి, అచటినుండి లంబముగా కుడికి ఇన్ని లింకులు, లేదా ఎడమకు ఇన్ని లింకులు పోయినచో గట్టు మలుపు తగులునని వ్రాసి యుందురు. గీత వెంబడి నడక ఒక సంఖ్య, లంబముగా నడక రెండవ సంఖ్య, కుడియెడమలు ధనర్ణములు. నిరూపకములను పేరు ఎరుగని సర్వేదారు నిరూపకములనే వ్రాసినాడు. సర్వేగొలుసు పొడవు 66 అడుగులు, దానికి 100 లింకులు; పది చదరపు గొలుసులు ఒక ఎకరము. మన రైతులు నిత్యము పలుకు సెంటు ఆ ఎకరములో నూరవవంతు, అనగా వేయి చదరపు లింకులు.

గట్టు దున్నుకొని పోయినను, హద్దురాయి పెకలింపబడినను, ఆ పుస్తకములోని రెండు సంఖ్యలు నిలిచి యుండును. వానినిబట్టి రాయిని మరల యథాస్థానమున పాతవచ్చును. దాయాదుల నడుమ తరతరములుగా సాగు తగవులు ఎన్నియో ఈ రెండు సంఖ్యల వద్దనే తీరినవి. వానిని చదువగలవారు దగ్గర లేనందున తీరక పోయినవియు కలవు.

ఇక నీటి విషయము. అనంతపురము పీఠభూమిలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నేల క్రింద ఉన్నది చాలవరకు గట్టిరాయి. నీరు ఆ రాతి పైభాగమున శిథిలమైన పొరలోను, లోపలి పగుళ్లలోను మాత్రమే నిలుచును. పగులు తగిలినచోట నీరు. పది గజముల అవతల దుమ్ము. అందుచేత ఇచట చోటు చెప్పుటలో పొరపాటు కాగితము మీది పొరపాటుగా మిగులదు. అది ఎండిన బోరగును. ఎండిన బోరు అప్పగును.

ఒక ఉదాహరణము ఊహింతము. ఒక ఊరిలో రచ్చకట్టను మూలబిందువుగా పెట్టుకొన్నాము. కొలతలు మీటర్లలో. ఊరివారు త్రాగునీరు తెచ్చుకొను బోరు (60, −80) వద్ద ఉన్నది, అనగా ఆగ్నేయము. ఒక రైతు తన చేనిలో (−120, 160) వద్ద, అనగా వాయవ్యమున, బోరు వేయ నెంచినాడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము, జనులు వాల్టా అని పిలుచునది, త్రాగునీటి వనరునకు 250 మీటర్లలోపున అనుమతి లేక బావి త్రవ్వరాదని చెప్పుచున్నది. రైతు చోటు ఈ హద్దునకు లోపలనా, వెలుపలనా? తూర్పుపడమరలలో −120 నుండి 60 వరకు ఎడము 180 మీటర్లు. ఉత్తరదక్షిణములలో 160 నుండి −80 వరకు ఎడము 240 మీటర్లు. ఈ రెండును లంబకోణ త్రిభుజపు రెండు భుజములు. 180 వర్గము 32,400, 240 వర్గము 57,600, మొత్తము 90,000. దీని వర్గమూలము 300. రెండు బోర్ల నడుమ దూరము 300 మీటర్లు, హద్దునకు వెలుపలనే.

ఇపుడు కాగితము వ్రాసినవాడు 120కి ముందున్న ఋణపు గీతను విడిచినాడనుకొందము. చోటు (120, 160) అయినది. వాయవ్యమున ఉన్న చేను ఈశాన్యమునకు దుమికినది. తూర్పుపడమరల ఎడము 60 మాత్రమే. 60 వర్గము 3,600. దానికి 57,600 కలిపినచో 61,200. వర్గమూలము 247కు కొంచె మెక్కువ. చట్టము ప్రకారము ఆ చోటు హద్దునకు లోపల పడినది. పోనీ, గుర్తులు విడువక, రెండు సంఖ్యలను తారుమారు చేసి (160, −120) అని వ్రాసినాడనుకొందము. అపుడు ఎడములు 100, 40. దూరము 108 మీటర్లు కూడ లేదు. ఒక చిన్న గీత, ఒక చిన్న తారుమారు. రైతునకు రావలసిన అనుమతి రాకపోవచ్చును, లేదా యంత్రము పొరుగువాని పొలములో దిగవచ్చును.

ఇట్టి పటము ప్రతి గ్రామమునను ఒకటి ఉండుట మేలని మా అభిప్రాయము. పాఠశాలలో ఈ పాఠము నేర్చు పిల్లలకు ఇంతకంటె మంచి అభ్యాసము లేదు. రచ్చకట్టయో, ధ్వజస్తంభమో మూలముగా పెట్టుకొని, ఊరి బోర్లన్నింటిని గళ్లకాగితముపై గుర్తింపవలెను. నీరున్న బోరునకు ఒక రంగు, ఎండిన దానికి వేరొక రంగు. ఎండిన బోర్లను దాచరాదు. ఎండిన చోటు గుర్తు, నీరున్న చోటు గుర్తు వలెనే విలువైనది. నీరున్న చుక్కలు కొన్ని ఒక వరుసలో నిలిచినచో, క్రింద రాతిపగులు ఆ వైపుగా సాగుచున్నదేమో యను సూచన దొరకును. అది సూచన మాత్రమే; నిర్ణయము కాదు. భూగర్భజల శాస్త్రజ్ఞుడు పరికరములతో చూచి చెప్పవలసినది ఎటులనో ఉండనే ఉన్నది. కాని అతని చేతికి అట్టి కాగితము నొకదానిని ఈయగల ఊరు, వట్టిచేతులతో నిలుచు ఊరికంటె మేలైన స్థితిలో ఉండును. ఈశాన్యమున బావి ఉండవలెనని మనము కోరుకొనవచ్చును. నీరు మాత్రము రాతిపగులు ఏ పాదములో సాగిన ఆ పాదములోనే ఉండును.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల పునఃసర్వే ఆరంభమైనది. గొలుసులకు మారుగా ఉపగ్రహముల సంకేతములతో హద్దుల మూలలను కొలుచు పద్ధతి అందు ప్రవేశించినది. ఇట్టి పద్ధతిలో చేను అనగా ఒక సంఖ్యల జాబితా. ఒక్కొక్క మూలకు ఒక్కొక్క జంట. అట్టి జాబితా చేతికి వచ్చినపుడు దానిని పెట్టెలో దాచుటకు ముందు గళ్లకాగితముపై చుక్కలు పెట్టి, చుక్కలను వరుసగా కలిపి చూడవలెను. గీసిన ఆకారము చేని ఆకారమును పోలి ఉన్నదా? ఒక మూల దూరముగా ఎగిరిపడినదా? రెండు గీతలు నడుమ అడ్డముగా కోసికొన్నవా? ఎగిరిపడిన మూల ఉన్నచో ఎచటనో ఒక అంకె తప్పియుండును, లేదా వరుస మారియుండును. ఉన్నత పాఠశాలలో చదువుచున్న కుమారుడో, కుమార్తెయో ఇంట ఉన్నచో ఈ పని పావుగంటలో తీరును.

చోటును చెప్పు సంఖ్యలు ఎవరు చెప్పినను, ఎచట వ్రాసియున్నను, మూడు ప్రశ్నలు అడుగుట అలవాటు చేసికొనవలెను. ఎచటినుండి కొలిచినారు? రెండు సంఖ్యలలో ఏది ముందు? ఒక్కొక్కదాని గుర్తు ఏమి? ఈ మూడింటికి సమాధానము దొరికినచో చేను మూల ఎచటనున్నదో ఎవరును మనకు చూపనక్కరలేదు. మనమే నడచి పోయి దానిమీద నిలువగలము.